ఆరు నెలల సుల్తాను, మా బుజ్జిగాడు

అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలు లేవు. చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, కుట్టు ఊడి ఎక్కడో రాలిపోయాయి. 1987 వేసవిలో ఒక ఆదివారం, అబిడ్స్‌లో మూసిన షాపుల షట్టర్ల ముందు పరిచిన పుస్తకాల గుట్టలో దొరికింది నాకు. రూపాయిన్నర అన్నాడు. "లోపల సగమే ఉంది కదా భాయ్" అని మామయ్య బేరమాడి రూపాయికి ఇప్పించాడు.

అదొక చారిత్రక నవల. అప్పటికి నేను ఆ రకం నవలలు చాలానే మింగేశాను. కాకతీయులు, విజయనగరం, రెడ్డిరాజులు, ఏది దొరికితే అది. వాటిలో హీరో పుట్టుకతోనే కత్తి పట్టుకుని పుడతాడు. పదహారేళ్లకే గుర్రంతో అగడ్త దూకేస్తాడు. వేగులవాడు మారువేషంలో వస్తే కళ్లు చూసి కనిపెట్టేస్తాడు. చదివినంతసేపూ బాగానే ఉండేది కానీ, పుస్తకం మూసాక ఆ హీరోకీ నాకూ ఏ సంబంధమూ ఉండేది కాదు. నేను బల్లిని చూసి కేకలు పెట్టే రకం. లెక్కల మాస్టారు పేరు పిలిస్తే గొంతు ఎండిపోయేది.

ఈ అట్ట లేని పుస్తకంలో రాజకుమారుడు వేరు. వాడికి ఉబ్బసం. చీకటంటే భయం. కత్తి ఎత్తితే చెయ్యి వణుకుతుంది. తండ్రి పోయాక అతన్ని ఎవరు గద్దె ఎక్కించాలి, ఎవరు దింపాలి అని పెద్దవాళ్లు తెర అవతల మాట్లాడుకుంటూ ఉంటే, తెర ఇవతల ఊపిరి బిగబట్టి వింటాడు. విన్నది సగమే అర్థమవుతుంది. ఆ సగంతోనే రాత్రంతా మేలుకుంటాడు. ఒక రాత్రి తలుపు అవతల అడుగుల చప్పుడు వస్తుంది, వచ్చి ఆగిపోతుంది. సరిగ్గా అక్కడ నా పుస్తకం కూడా ఆగిపోయింది.

ఆ పదహారు పేజీల కోసం నేనెంత తిరిగానో. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్లి, పుస్తకం పేరు తెలీకుండా కథ చెప్పి అడిగాను. 1901లో పెట్టిన గ్రంథాలయం, అందులో లేకపోతే ఇంకెక్కడా ఉండదని మామయ్య నమ్మకం. కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయన నా కథ ఓపిగ్గా విని, "పేరు లేకుంటె ఎట్ల ఎతకాల్నమ్మా, ఇక్కడ అన్నిట్లా రాజకుమారులే" అన్నాడు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ అంతే. అప్పుడే అనుకున్నాను, ఆ చివర నేనే రాస్తానని.

ఆ కుర్రవాడు నాకెందుకంత నచ్చాడో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

చిక్కడపల్లిలో మాది పాత ఇల్లు. ముందు అరుగు, మధ్యలో హాలు, వెనక బావి, జామచెట్టు. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా తాత కష్టపడి కట్టుకున్నది. ముగ్గురు కొడుకులు. మా నాన్న నడిమివాడు. చిన్నాన్న తాత కంటే రెండేళ్లు ముందే స్కూటర్ యాక్సిడెంట్‌లో పోయాడు. 1986లో దసరా వెళ్లాక తాత పోయాడు. ఇంట్లో మిగిలింది పెద్దనాన్న వాళ్లు, మేము, చిన్నమ్మ, ఆమె ఏడేళ్ల కొడుకు బుజ్జిగాడు.

తాత సంవత్సరీకం కాకముందే ఒక బిల్డర్ రావడం మొదలైంది. ఆ రోజుల్లో మా వీధిలో ఒక్కొక్క ఇల్లే పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. వచ్చినప్పుడల్లా హాలు తలుపులు దగ్గరికి వేసేవాళ్లు. పిల్లలం లోపలికి వెళితే మాట మారిపోయేది, ఎండల గురించో, నల్లా నీళ్ల గురించో. బయటికి రాగానే మళ్లీ గొంతులు తగ్గేవి. నేను మెట్ల కింద ఇస్త్రీ బట్టల మూట మీద కూర్చుని వినేదాన్ని. పదే పదే ఒక మాట వినబడేది, "మైనరు". మైనరు వాటా, మైనరు తరఫున సంతకం, మైనరుకు గార్డియన్. ఆ మైనరు ఎవడో పెద్ద జమీందారు అనుకున్నాను కొన్నాళ్లు, సినిమాల్లో సిల్కు లాల్చీ వేసుకునే మైనరు లాగా. తీరా చూస్తే అది జామచెట్టు ఎక్కి నిక్కరు చింపుకున్న మా బుజ్జిగాడు.

వాడి వాటా అమ్మాలంటే తల్లి సంతకం ఒక్కటే చాలదు, కోర్టు అనుమతి కావాలి. అది తెలిసినరోజు పెద్దనాన్న అన్నం తినలేదు. రెండు రోజులకు చిన్నమ్మ అన్న వరంగల్ నుంచి సూట్‌కేసు పట్టుకుని దిగాడు, "మా మేనల్లునికి అన్యాయం జరగనియ్య" అంటూ. వచ్చి, నెల రోజులు కదల్లేదు. ఆయన వచ్చాక చిన్నమ్మ ఇంకా తక్కువ మాట్లాడటం మొదలుపెట్టింది. అది నాకు వింతగా ఉండేది.

మా చిన్న మామయ్య ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారు. మెహిదీపట్నంలో ఉండేవాడు. ఇంట్లో ఈ వాతావరణం చూసి, ఆదివారాలు నన్నూ బుజ్జిగాణ్నీ బయటికి తీసుకెళ్లే పని పెట్టుకున్నాడు. చిక్కడపల్లి నుంచి ట్యాంక్‌బండ్ దాకా నడిపించేవాడు, డబుల్ డెక్కర్ కోసం. వేరే బస్సులు ఉన్నా బుజ్జిగాడు ఎక్కేవాడు కాదు. పై అంతస్తులో ముందు సీటు వాడిదే. ఎదుటి కడ్డీని రెండు చేతులా పట్టుకుని, పగ్గాలు లాగినట్టు లాగుతూ కూర్చునేవాడు. బస్సు మలుపు తిరిగితే తనే తిప్పానని వాడి లెక్క.

అలా ఒక ఆదివారం అబిడ్స్‌లో పుస్తకాలు చూసుకుని, ఇంకో బస్సు మారి గోల్కొండ వెళ్లాం. ఫతే దర్వాజా దగ్గర మామయ్య చప్పట్లు కొట్టించాడు, పైన బాలాహిస్సార్‌లో వినబడుతుందని చెప్పాడు. రామదాసు చెర చూశాం. అవన్నీ స్కూలు పిక్నిక్‌లో చూసినవే. ఆ సంవత్సరం కోట మొగలుల చేతిలో పడి సరిగ్గా మూడు వందల ఏళ్లని, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కూడా గోడ కూలలేదని, లోపలివాడే ఒకడు, అబ్దుల్లా ఖాన్ పన్నీ, రాత్రిపూట తలుపు తీశాడని చెప్పాడు. నాకదీ పెద్దగా పట్టలేదు. తలుపు తీసే ద్రోహి ప్రతి నవల్లోనూ ఉంటాడు.

పట్టింది సెవెన్ టూంబ్స్ దగ్గర, అంటే గోల్కొండ సుల్తానుల సమాధుల దగ్గర. అప్పట్లో అక్కడ ఇప్పుడున్నంత శుభ్రం లేదు. ముళ్లకంపలు, మేకలు, గుమ్మటాల్లో పావురాలు. పెద్ద పెద్ద సమాధుల మధ్య ఒక చిన్నది ఉంది. తాత సుల్తాన్ కులీ సమాధికీ, తండ్రి జంషీద్ సమాధికీ మధ్యలో. దాని మీద ఒక్క అక్షరం చెక్కి లేదు.

"ఇది ఎవరిది?" అన్నాను.

"చోటా మాలిక్ అంటారు. సుభాన్ కులీ. 1550లో సుల్తాను అయిండు, అదే ఏడు అయిపోయిండు. అప్పటికి ఏడేండ్లని రాసిండ్రు చాలామంది."

ఏడేళ్లు. నేను వెనక్కి తిరిగి చూశాను. బుజ్జిగాడు మేక వెనకాల పడ్డాడు.

ఆ సమాధి నీడలో కూర్చుని మామయ్య మొత్తం చెప్పాడు. అంత బాగా క్లాసులో కూడా చెప్పి ఉండడు. గోల్కొండ రాజ్యం నిలబెట్టిన ముసలి సుల్తాన్ కులీని 1543లో, మసీదులో నమాజు చేసుకుంటుండగా చంపించారు. వెనక ఉన్నది కొడుకు జంషీదే. గద్దె ఎక్కాల్సిన అన్న కళ్లు తీయించాడు. కొడుకుల్లో చిన్నవాడు ఇబ్రహీం అప్పుడు మా దేవరకొండలోనే ఉన్నాడు, ఆ కోట అతని అధీనంలోనే ఉండేది. సంగతి తెలియగానే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ముందు బీదరుకు, అక్కడినుంచి విజయనగరానికి పారిపోయాడు. అక్కడ పేరుకు సదాశివరాయలు రాజు, పెత్తనమంతా అళియ రామరాయలది. ఏడేళ్లు రామరాయల నీడలో బతికాడు ఇబ్రహీం.

"అక్కడ మాత్రం తక్కువ కథనా?" అన్నాడు మామయ్య. "దాదాపు అదే రోజుల్ల విజయనగరంల ఇంకో పిల్లరాజు ఉండె. అచ్యుతరాయల కొడుకు. వాణ్ని సొంత మేనమామనే చంపించి తను గద్దె ఎక్కిండు. రామరాయలు ఆ మేనమామను తీసేసి సదాశివున్ని కూసోబెట్టిండు." అని, నవ్వి, "మేనమామలను గూడ నమ్మొద్దు మరి" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. వరంగల్ సూట్‌కేసు కళ్ల ముందు కదిలింది.

ఇక్కడ గోల్కొండలో జంషీద్ 1550లో జబ్బు చేసి పోయాడు. పిల్లవాడు సుభాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టారు. తల్లి బిల్కిస్ జమాన్ ఒక్కతే ఏం చేస్తుంది? అహ్మద్‌నగర్‌లో ఉన్న సైఫ్ ఖాన్‌ను, ఐనుల్‌ముల్క్ అని బిరుదు, రప్పించారు పిల్లవాడి తరఫున రాజ్యం చూడమని. వచ్చినవాడు చూడటంతో సరిపెట్టుకుంటాడా? పెత్తనం రుచి మరిగాడు. అది గిట్టని తెలుగు నాయకుడు జగదేవరావు, భువనగిరి కోటలో బందీగా ఉన్న ఇంకో రాజకుమారుణ్ని, దౌలత్ కులీని, బయటికి తెచ్చి ఎదురు నిలబడ్డాడు. ఓడిపోయి గోల్కొండలో ఖైదీ అయ్యాడు. అప్పుడు కొందరు సర్దారులు విజయనగరానికి రహస్యంగా ఉత్తరాలు రాశారు, ఇబ్రహీంను రమ్మని. అతను కోయిలకొండ దాకా వచ్చేసరికి, గోల్కొండ లోపల కాపలా కాసే నాయకవాడీలు, అంటే మన తెలుగు సిపాయిలే, జగదేవరావును చెరలోంచి విడిపించి కోటను తమ చేతిలోకి తీసుకున్నారు. జూలైలో ఇబ్రహీం పట్టాభిషేకం.

ఇందులో ఎక్కడా సుభాన్ ఏమన్నాడో లేదు. ఒక్క మాట లేదు. చుట్టూ అందరూ వాడి పేరు మీదే కొట్టుకున్నారు, వాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు.

ఇంటికి రాగానే రెండు వందల పేజీల లాంగ్‌బుక్కు తీసి మొదలుపెట్టాను.

మొదటి అధ్యాయం నాకు బాగా గుర్తు. సుభాన్ కిటికీలోంచి చార్మినార్ వైపు చూస్తూ చాయ్ తాగుతుంటాడు. మామయ్య చదివి, కళ్లజోడు తీసి, ముక్కు రుద్దుకుని, "చార్మినార్ కట్టింది 1591ల. నీ పిల్లగాడు నలభై ఏండ్లు ముందుకు చూసిండు" అన్నాడు. చాయ్ కూడా లేదట. సరేనని హుస్సేన్‌సాగర్ పెట్టాను. అది కూడా ఇబ్రహీం వచ్చిన పన్నెండేళ్లకు గానీ తవ్వలేదట. పురానాపూల్ 1578. నేను పుట్టి పెరిగిన ఊరు అసలు ఊరే కాదు అప్పటికి. మూసీ ఒడ్డున మైదానం, పల్లెలు, అంతే. విందు సీన్‌లో పచ్చిమిరపకాయలు వేయించి పెట్టాను, వాటినీ కొట్టేశాడు. మిరప పోర్చుగీసువాళ్లతో సముద్రం దాటి వచ్చింది, 1550లో గోల్కొండ వంటింట్లో దానికి చోటివ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. మిరియాలు వేసుకో అన్నాడు. ఎర్రటి ఆవకాయ లేని రాజ్యం కోసం అందరూ ఎందుకు కొట్టుకున్నారో అని మా అమ్మ అడిగింది.

ఆ దిద్దుబాట్ల వల్ల నాకొకటి అలవాటైంది. గదిలో ఏమేం ఉండవో ముందు తెలుసుకుంటే, ఏమున్నాయో మెల్లగా కనిపించేది. దివిటీ వెలుగు, నూనె వాసన, మందపాటి రాతిగోడ, పావురాలు. ఒక చిన్నపిల్లాడు ఆ గోడకు చెవి ఆనించి ఉండటం. ఆ పిల్లాడు ఏం వింటాడో రాయడానికి నాకు ఏ గ్రంథాలయమూ అవసరం పడలేదు. మెట్ల కింద విన్నవన్నీ ఫార్సీ బిరుదులు తగిలించి రాసేశాను. "సంతకం" తీసేసి "ముద్ర" అన్నాను. "బిల్డర్" తీసేసి "అహ్మద్‌నగర్ రాయబారి" అన్నాను. మాట మాట్లాడే ముందు పెద్దనాన్న వక్కపొడి డబ్బీ మూత మీద టకటకమని రెండుసార్లు కొట్టేవాడు. నా ఐనుల్‌ముల్క్ చేతిలో కూడా ఒక వెండి డబ్బీ పెట్టాను. టకటక వినబడితే సుభాన్ మంచం కిందికి దూరతాడు.

ఎండాకాలం రాత్రుళ్లు కరెంటు పోతే డాబా మీద పక్కలు వేసేవాళ్లం. లాంతరు పెట్టుకుని బుజ్జిగాడికి చదివి వినిపించేదాన్ని. వాడు మంచి శ్రోత కాదు. కుట్రలు వస్తే ఆవలించేవాడు. గుర్రం వస్తే లేచి కూర్చునేవాడు. నోటుబుక్కులో ఇబ్రహీం గుర్రానికి ఏదో గంభీరమైన ఫార్సీ పేరు పెట్టాను. వాడికి నచ్చక, తనే ఒక పేరు పెట్టి, చదివేటప్పుడు ఆ పేరే పలకాలని షరతు పెట్టాడు. చివర అధ్యాయం అయితే వాడు ఎన్నిసార్లు మార్పించాడో లెక్కలేదు. ఇబ్రహీం రావాలి. చిన్నాన్న కదా, అన్న కొడుకును ఏమీ అనకూడదు. గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలి. ఎక్కడికి అంటే, "బయటికి" అనేవాడు.

అప్పుడే ఒక సాయంత్రం పెద్దనాన్న పిలిచాడు. ట్యూబ్‌లైట్ కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నా లాంగ్‌బుక్కు.

నా కాళ్లు నిజంగానే వణికాయి. ఇన్ని నవలల్లో చదివిన వణుకు వేరు, అది వేరు.

"కూసో" అన్నాడు. డబ్బీ తీశాడు. మూత మీద కొట్టబోయి, వేలు గాల్లోనే ఆపి, డబ్బీ పక్కన పెట్టేశాడు.

"ఈ ఐనుల్‌ముల్కు వక్కపొడి తింటడా?"

నేను కాలి బొటనవేలు చూసుకున్నాను.

"తింటె తిననీ. మంచిగనే రాసినవు. కని ఒకటి రాయలే. ఆ పిలగాడు గద్దె మీద కూసుంటె, సిపాయిల జీతాలు ఎవరిచ్చిండ్రు? కోటకు సున్నం ఎవరేయించిండ్రు? ముసలాయన మంచంల పడితె హకీముకు పైసలు ఎవరు కట్టిండ్రు? అవి గూడ రాయి." పుస్తకం నా చేతిలో పెట్టి లేచి వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తాత రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు బిల్లులు కట్టింది ఆయనే. చిన్నాన్న పోయాక బుజ్జిగాడి ఫీజు కూడా ఆయనదే. మెట్ల కింద నుంచి వింటే గొంతులే వినబడతాయి, రసీదులు కనిపించవు కదా. మర్నాడు నవల్లో ఐనుల్‌ముల్క్‌కు ఒక లెక్కల పుస్తకం పెట్టాను. దీపం దగ్గర కూర్చుని కూడికలు వేసుకుంటాడు, కూడిక ఎన్నిసార్లు వేసినా సరిపోదు. అంతమాత్రాన ఆయన మంచివాడైపోలేదు నా కథలో. ఇంట్లోనూ కాలేదు. కోపం వస్తే చిన్నమ్మను ఏడిపించేవాడు, అది మామూలే. వరంగల్ ఆయన కూడా నేను అనుకున్నంత దుర్మార్గుడు కాదని తర్వాత తెలిసింది, నేను అనుకున్నంత మంచివాడు కాదని ఇంకా తర్వాత తెలిసింది.

కోర్టు అనుమతికి చాలా కాలం పట్టింది. ఇల్లు చివరికి 1991లో పడగొట్టారు. మూడు ఫ్లాట్లు వచ్చాయి, ఒకటి బుజ్జిగాడి పేరు మీద. జామచెట్టు పోయింది. బావి పూడ్చేశారు. ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో పాత కాగితాలన్నీ కిలోల లెక్కన రద్దీవాడికి వేశారు, అందులో నా లాంగ్‌బుక్కు, అట్ట లేని ఆ నవలా కూడా పోయాయి. నేనప్పుడు డిగ్రీ పరీక్షల టెన్షన్‌లో ఉన్నాను. వారం తర్వాత గాని గుర్తుకు రాలేదు.

మామయ్య నాకు ఇబ్రహీం కథ పూర్తిగా చెప్పలేదని కూడా ఆ కాలంలోనే తెలిసింది. 1565 జనవరి, రక్కసి తంగడి. అళియ రామరాయల మీద దక్కను సుల్తానులు కలిసి యుద్ధానికి వెళ్లారు. రామరాయల తల తెగింది, విజయనగరం పాడుపడింది. ఆ వెళ్లినవాళ్లలో ఇబ్రహీం కుతుబ్‌షా కూడా ఉన్నాడు. ఏడేళ్లు ఎవరి ఇంట్లో దాక్కుని ప్రాణం దక్కించుకున్నాడో ఆ మనిషి మీదికే.

నేను మామయ్యతో గొడవ పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ల వయసులో, నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషి మోసం చేశాడని. ఆయన తాపీగా, "అప్పుడే చెప్తె నువ్వు నవల రాయకపోతుంటివి" అన్నాడు. తర్వాత, "ఆయన్నే మన కవులు మల్కిభరాముడని నోరారా పొగిడిండ్రు. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చిండు. విజయనగరంల నేర్చిన తెలుగు మీద ప్రేమ చావలే ఆయనకు. రెండూ ఒక్క మనిషే. ఏం జేస్తవ్?" అన్నాడు.

ఏం చేస్తాను. ఇప్పటికీ నాకు సరైన జవాబు లేదు. కానీ పదిహేనేళ్ల పిల్లలకు రాసే చరిత్ర నవలల్లో నాకు కావలసింది ఈ ఇరకాటమే. మా అమ్మాయి కిండిల్‌లో అలాంటి ఇంగ్లీషు నవలలు వరసపెట్టి చదువుతుంది. అప్పుడప్పుడూ నాకూ ఇస్తుంది. కొన్ని బాగుంటాయి. చాలావాటిలో మాత్రం మొదటి వంద పేజీలు భయపడిన పిల్ల, ఆఖరికి వచ్చేసరికి సేనాధిపతి అయిపోతుంది. బలహీనత అంటే జలుబు లాగా మందేస్తే పోయేదనుకుంటారు కాబోలు. ఉబ్బసం ఉన్న రాజకుమారుడికి పట్టాభిషేకం నాడు కూడా ఉబ్బసం ఉండాలి, మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగాలి, ఆగినప్పుడు వెనక ఉన్న సర్దారులు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. రాజకీయం అక్కడ ఉంటుంది, కత్తిలో కాదు. ఇది చెబితే మా అమ్మాయి, "అయితే నువ్వే మళ్లీ రాయొచ్చుగా అమ్మా" అంటుంది. ఈ యాభై దాటిన వయసులో లాంగ్‌బుక్కు కొనాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం అందరం సెవెన్ టూంబ్స్ వెళ్లాం. నేను, మా అమ్మాయి, బుజ్జిగాడు, వాడి కొడుకు. వాణ్ని బుజ్జిగాడు అనకూడదు నిజానికి, నలభై అయిదేళ్లు, బట్టతల, ఇంటి మీద లోను. ఆగాఖాన్ ట్రస్టువాళ్లు పదేళ్లు పట్టి బాగుచేశాక చోటు గుర్తుపట్టలేనట్టు ఉంది. సున్నం పూతలు, పచ్చిక, నీళ్లు నిండిన మెట్లబావులు. మేకలు లేవు. మామయ్య కూడా లేడు, పోయి ఆరేళ్లయింది. పెద్దనాన్న అంతకంటే చాలా ముందే పోయాడు. ఆయన డబ్బీ మా వదిన దగ్గరుంది, అందులో గుండు పిన్నులు వేసుకుంటోంది.

చిన్న సమాధి దగ్గరికి వచ్చేసరికి బుజ్జిగాడు ఆగాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఏడేళ్ల రాజు ఉండేవాడు, వాణ్ని చెడ్డవాళ్లు గదిలో పెట్టారు, వాళ్ల చిన్నాన్న దూరం నుంచి గుర్రం మీద వచ్చాడు, కోటవాళ్లు తలుపు తీశారు, పిల్లవాణ్ని ముందు కూర్చోబెట్టుకుని బయటికి తీసుకెళ్లిపోయాడు.

"అట్లేం జరగలేదురా. చరిత్రలో ఆ గుర్రమే లేదు" అన్నాను.

"ఎందుకు లేదు? నువ్వే రాసినవు కదక్కా."

పిల్లాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "గుర్రం పేరేంటి అత్తా?" అని నన్ను అడిగాడు.

నేను ఆలోచించాను. ఫార్సీ పేరు, ఏదో పొడుగ్గా ఉండేది. ఎంత తవ్వినా రాలేదు. బుజ్జిగాడి వైపు చూశాను. వాడు రెండు చేతులూ ముందుకు చాపి, లేని కడ్డీ ఏదో పట్టుకుని లాగుతున్నాడు.

"డబుల్ డెక్కర్" అన్నాడు.